మూత కింద రాసిన మాట

తుప్పు పట్టిన స్క్రూ మొదటిసారి కదిలినప్పుడు చిన్న చప్పుడొకటి వస్తుంది. వేయించిన చింతగింజ పంటి కింద పగిలినట్టు, టిక్కుమని. పక్కనున్నవాళ్ళకు వినబడదు, పట్టుకున్న చేతికే తెలుస్తుంది. పోయిన వారం మా వీధి భజన మందిరం వాళ్ళ పాత హార్మోనియం మా వసారాలో పెట్టుకుని కూర్చున్నప్పుడు, ఆ చప్పుడు మళ్ళీ నా చేతికి తగిలింది. దాని వెనకే వాసన కూడా వచ్చింది. కిరసనాయిలు, పాత టేకు, తిత్తి తోలు, బొద్దింకలు కాపురమున్న చీకటి, అన్నీ కలిసిన వాసన. మద్రాసు పెరంబూరులో ఒక చిన్న అంగట్లో, ఇరవై ఏళ్ళ వయసులో, నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పీల్చిన గాలి అది.

పెట్టె తెచ్చినవాడు మోహన్. అంబత్తూరులో ఏదో ఫ్యాక్టరీలో పని చేస్తాడు, శనివారాలు భజనలో హార్మోనియం వాయిస్తాడు. నలభై ఏళ్ళ మనిషి. పెట్టెను తానే విప్పుదామని చూసి మూడు స్క్రూల తలల మీది గాడులు కొరికి పెట్టి, చివరికి నా దగ్గరికి మోసుకొచ్చాడు.

"అవ్వా, డ్రిల్లు పెట్టి పెరికేద్దామా? ఇది వచ్చే మాదిరి లేదు," అన్నాడు.

"ఉండు. ముందు బిగించు."

"తియ్యాలంటే బిగించమంటావేంది అవ్వా? ఉల్టాగా చెప్తుండావే!"

నేను నవ్వాను. ఆ మాట నాది కాదు. దేవదానం మేస్త్రీది. ఆయన్ని చూసినవాళ్ళు ఇప్పుడు ఈ ఊళ్ళో ఎవరూ మిగిలినట్టు లేరు. అందుకే రాస్తున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. నా వాక్యాలు పొట్టిగా ఉంటే, ఒకటి రెండు చోట్ల తడబడితే, మన్నించండి.

నాకు పంతొమ్మిదో ఏట పెళ్ళయింది, ఇరవై నిండకముందే ఆయన జ్వరంతో పోయాడు. తిరిగి పెరంబూరులో మా అన్న ఇంటికి వచ్చాను. అన్న రైలు పెట్టెలు బాగు చేసే కార్ఖానాలో కూలి. వదిన చెడ్డది కాదు గానీ, నేను వచ్చిన మర్నాడే వాకిట్లో ముగ్గు వెయ్యబోతే నా చేతిలో పిండి డబ్బా మెల్లిగా తీసుకుంది. "వద్దు మంగా. చూసేవాళ్ళు ఏమన్నా అంటారు," అంది. తిట్టలేదు. అందుకే ఎక్కువ బాధేసింది. అప్పటిదాకా ఆ వీధిలో నా ముగ్గులకు పేరు. ఇరవై ఒక్క చుక్కల ముగ్గును చెయ్యి ఎత్తకుండా, గీత తెగకుండా వేసేదాన్ని. ఆ రోజు నుంచి నాలుగిళ్ళలో అంట్లు తోమడం, ఒక అంగడి ఊడవడం నా పనులయ్యాయి. ఆ అంగడి దేవదానం మేస్త్రీది.

ఆయన నెల్లూరు దిక్కు మనిషి. కార్ఖానాలో వడ్రంగిగా చాలా ఏళ్ళు చేసి, మానేసి, హార్మోనియాలు బాగు చేసే అంగడి పెట్టుకున్నాడు. అంగడంటే గట్టిగా పది అడుగుల గది. గోడల నిండా రంపాలు, ఆకురాళ్ళు, ఉలులు, రకరకాల స్క్రూడ్రైవర్లు. వాటిని ఆయన అరవంలో మాదిరే తిరుపుళి అనేవాడు, నాకూ ఆ మాటే అలవాటైంది. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. పని చేస్తూ లోపల్లోపల ప్రార్థన పాటలు పాడుకునేవాడు. ఆ అంగడిలో మొదటి రెండు నెలలు ఆయన నాతో పది మాటలు కూడా మాట్లాడలేదు.

ఒకరోజు ఊడుస్తుంటే చెత్తలో గోరంత స్క్రూ ఒకటి కనబడింది. పారెయ్యకుండా తీసి కిటికీ గూట్లో పెట్టాను. గంట తర్వాత అంట్లు తోమి, మిగిలిన వాకిలి ఊడవడానికి చీపురుతో వస్తుంటే, మేస్త్రీ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో నేలంతా తడుముతున్నాడు. చూస్తే జాలేసింది. అంత పెద్దమనిషి, పోయిన పైసా కోసం వెతుక్కునే పసిపిల్లవాడిలా.

"ఇదా మేస్త్రీ మీరు దేవులాడేది?" అని గూట్లోంచి తీసిచ్చాను.

ఆయన దాన్ని రెండు వేళ్ళ మధ్య దొర్లించి చూశాడు. కళ్ళకు దగ్గరగా పెట్టుకోలేదు. నేను అది అప్పుడే గమనించాను. "చెత్తలో ఇంతది నీకెట్లా కనబడింది మే?" అన్నాడు.

"బియ్యంలో రాళ్ళేరే కళ్ళయ్యా. దీనికంటే చిన్నవే కనబడతాయి."

ఆయన ఆ చీపురు వైపు, నా వైపు చూసి, "అది ఆడ పెట్టి ఈడ కూర్చో," అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆయన కళ్ళకు పొర కమ్ముతోందని, తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు ఆడో మగో కూడా ఆయనకు సరిగ్గా తెలియడం లేదని నాకు అర్థం కావడానికి ఇంకో వారం పట్టింది. అది ఎవరికీ తెలియకూడదని ఆయన పడే తంటా కూడా అప్పుడే అర్థమైంది. కళ్ళు లేని మేస్త్రీకి పెట్టె ఎవరిస్తారు? అంగడి మూతపడితే ఆయనకు చెయ్యడానికి ఏమీ మిగలదు. నాకూ మళ్ళీ చీపురే.

పని నేర్పడంలో ఆయనది ఒక పద్ధతి. మొదటి పది రోజులు నన్ను ఒక్క స్క్రూ కూడా తియ్యనివ్వలేదు. పాత చెక్కలో బిగించి ఉన్న స్క్రూల గాడుల్లో సూదితో మురికి తియ్యమన్నాడు. అది అయ్యాక తిరుపుళి మొనను ఆకురాయి మీద రుద్ది, ఒక్కో గాడికి అతికేలా తయారు చెయ్యమన్నాడు. "గాడిలో పెడితే అటూ ఇటూ ఆడకూడదు. కాలికి చెప్పు మాదిరి ఉండాల. వదులు చెప్పుతో నడిస్తే ఏమైతది?" అనేవాడు. "జారి పడతాం," అంటే, "నువ్వు పడితే లేస్తావు. స్క్రూ గాడి పోతే మళ్ళీ రాదు," అనేవాడు.

తర్వాత బిగించడం నేర్పాడు. తియ్యడం నేర్పమంటే బిగించడం నేర్పాడు. ముప్ఫై ఏళ్ళు ఒకే చోట కూర్చున్న ఇనుము చెక్కనూ, తుప్పునూ పట్టుకుని ఉంటుంది. ఒక్కసారిగా వెనక్కి లాగితే ఎదురు తిరుగుతుంది, గాడి తెగుతుంది, లేదా తల విరిగి మొండెం లోపలే ఉండిపోతుంది. అదే, అది పోదామనుకుంటున్న వైపుకే వెంట్రుకవాసి తిప్పితే, టిక్కుమని పట్టు వదుల్తుంది. ఆ తర్వాతే వెనక్కి. అప్పటికీ కదలకపోతే కోడి ఈకతో ఒక్క చుక్క కిరసనాయిలు. రెండో చుక్క వెయ్యనిచ్చేవాడు కాదు, చెక్కలోకి దిగితే జిగురు వదులుతుందని. దానికీ లొంగకపోతే కుంపట్లో ఇనపకడ్డీ మొన కాల్చి స్క్రూ తల మీద ఆనించి, కాసేపు ఉంచి తీసి, చల్లారనివ్వాలి. ఎంతసేపు ఆనించాలంటే ఆయన ఒక చిన్న ప్రార్థన చెప్పుకునేవాడు. నాకు ఆ ప్రార్థన రాదు. నేను రామ నామం పదకొండు సార్లు అనుకునేదాన్ని. ఒకసారి ఇద్దరి లెక్కా ఒకేసారి ముగిసి, మొండి స్క్రూ ఒకటి అప్పుడే కదిలింది. మేస్త్రీ పెద్దగా నవ్వాడు. "చూసినావా మంగా, మీవాడూ మావాడూ ఇద్దరూ పట్టాల్సి వచ్చింది దీన్ని," అన్నాడు. ఆయన అట్లా నవ్వడం నేను చూసింది తక్కువ.

అసలు చిక్కు తీసిన తర్వాత వచ్చేది. హార్మోనియంలో ఒక్కో మెట్టు కింద ఒక ఇత్తడి పలక, దాని మీద సన్నని ఇత్తడి నాలుక ఉంటాయి. గాలి తగిలితే ఆ నాలుకే పలుకుతుంది. పలకకు రెండేసి స్క్రూలు. ఏ స్క్రూ ఏ రంధ్రంలోంచి వచ్చిందో మళ్ళీ దాంట్లోకే పోవాలి. పక్కదానిలో పెడితే ఆ రంధ్రంలోని పాత మర గాట్లకు కుదరక చెక్కను తినేస్తుంది. మేస్త్రీ ఇదివరకు కాగితం మీద అంకెలు రాసి పెట్టుకునేవాడట. ఇప్పుడు ఆయన రాసిన అంకె ఆయనకే కనబడదు. నాకు అంకెలు రావు.

"నువ్వు చదవలేవు, నేను చూడలేను. మంచి జోడు కుదిరింది పో," అన్నాడు.

నేను ఒక పాత అట్ట తీసుకున్నాను. బలపంతో దాని మీద ముగ్గు చుక్కలు పెట్టాను. వరసకు వరస, పెట్టెలో పలకలు ఎట్లా ఉన్నాయో అట్లా. ఒక పలక తాలూకు రెండు చుక్కలను ఒక గీత చుట్టి కలిపాను. చుక్క మీద దబ్బనంతో పొడిచి, తీసిన స్క్రూను ఆ కన్నంలో గుచ్చాను. మేస్త్రీ అట్ట మీద వేళ్ళతో మెల్లిగా తడిమాడు, ఒక కొస నుంచి ఇంకో కొసకు. "ఇది ముగ్గు గదా," అన్నాడు.

"అవునయ్యా. ఇంట్లో వెయ్యనివ్వరు."

ఆయన అట్టను నా ఒళ్ళోకి జరిపి, "ఈడ వేసుకో. ఎన్నైనా వేసుకో," అన్నాడు.

ఆ మాటను నేను ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు తలుచుకున్నానో చెప్పలేను. ఆ నెలల్లోనే ఆయన ఒకసారి, "పలక తెచ్చుకో, నాకు ఈ కాస్త చూపుండగానే నాలుగు అక్షరాలు దిద్దిస్తా," అన్నాడు. నేను చేతులు చూపించి, "ఇవి ఉన్నాయి గదయ్యా, అక్షరాలెందుకు?" అన్నాను. మళ్ళీ ఒకసారి అడిగాడు. పని ఉందన్నాను. మూడోసారి అడిగేసరికి ఆయనకు పలక మీద గీత కనబడడం లేదు. అడగడం మానేశాడు.

మద్రాసులో ట్రాములు ఆగిపోయిన మరుసటి ఏడు వానాకాలం వెళ్ళాక, టి. నగర్ నుంచి ఒక టీచరమ్మ రిక్షాలో పెట్టె తెచ్చింది. పేరు సరస్వతమ్మ. ఇంటి దగ్గర ఆడపిల్లలకు సంగీతం చెప్పేది. పెట్టె వాళ్ళమ్మదట. వానలకు పెంకులు కారి, నెలరోజులు నీళ్ళలో నానినట్టే అయింది. విప్పి చూస్తే స్క్రూలన్నీ ఎర్రగా, తలలు కూడా తెలియకుండా తుప్పు. రెండు అంగళ్ళలో చూపిస్తే, ఇది పొయ్యిలోకే పనికొస్తుందన్నారట.

"మేస్త్రీ, మా అమ్మ గొంతు పోయింది, ఇదే మిగిలింది. మీ చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి దీని మీద పడకూడదు. మాటిస్తారా?" అంది.

మేస్త్రీ ఆమె గొంతు వచ్చిన వైపు తిరిగి, "సరేనమ్మా," అన్నాడు. నేను మూల కూర్చుని అట్టకు కన్నాలు పొడుస్తున్నాను. నా చెయ్యి ఆగింది. ఆమె వెళ్ళాక ఆయన పెట్టెను నా ముందుకు జరిపాడు. నేను తిరుపుళి అందుకున్నాను. అబద్ధం చెప్పాడని ఇద్దరికీ తెలుసు. ఆ పెట్టె సరిగ్గా తిరిగి వెళ్ళకపోతే, సంగతి బయటపడితే, అంగడి అక్కడితో సరి అని కూడా ఇద్దరికీ తెలుసు.

ఎనభై నాలుగు స్క్రూలు. రోజుకు పది పన్నెండు కంటే రాలేదు. ప్రతి సాయంత్రం కార్ఖానా కూత వేశాక మేస్త్రీ పెట్టె మీద వేళ్ళు పెట్టి, ఆ రోజు పని అంతా తడిమి చూసేవాడు. వారం గడిచింది, ఒక్కటి కూడా విరగలేదు. నాకు కాస్త పొగరెక్కింది. ఒకరోజు ఆయన కంటి ఆసుపత్రికి వెళ్ళాడు. ఆయన వచ్చేసరికి వరస మొత్తం తీసి చూపించి మెప్పించాలని నా ఆశ. సరిగ్గా మధ్యలో, టీచరమ్మ పిల్లలకు పాఠం మొదలుపెట్టే ఆధార షడ్జం పలక. దాని స్క్రూ ఒకటి చూడటానికి బాగానే ఉంది. బిగించి చూడకుండా నేరుగా వెనక్కి తిప్పాను.

తిరుపుళి జారింది. గాడి అంచు లేచిపోయింది. అంతటితో ఆగలేదు, మొన వెళ్ళి ఇత్తడి నాలుక మీద గీసింది. చిన్న గీత. ఎండలో పెడితే సన్నగా మెరిసింది. ఆ నాలుక మీద గీత పడితే గొంతు మారుతుందని నాకు తెలుసు. అప్పుడు నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. గాడిలో మైనం నింపాను. దాని మీద, ఆ గీత మీద, దీపం మసి రుద్దాను. దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు. దగ్గర నుంచి చూసే కళ్ళు ఆయనకు లేవు.

సాయంత్రం ఆయన వేళ్ళు వరసగా వచ్చాయి. ఆ స్క్రూ దగ్గర ఆగాయి. బొటనవేలి గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదేంది మంగా, మైనం?"

ఆయన గోరు మళ్ళీ ఆ గాడి మీదికి వెళ్ళింది.

"బిగించకుండా తిప్పినావు. జారింది. నాలుకకు తగిలిందా?"

"తగిలిందయ్యా."

"చెప్పలేదే?"

"మీకు కనబడదనుకున్నా."

ఆ మాట నా నోటి నుంచి వచ్చాక వెనక్కి తీసుకోవాలనిపించింది. ఆయన కోప్పడితే బాగుండేది. తల వంచుకుని, చేతిలో తిరుపుళిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రైలొకటి దగ్గర్లో వెళ్ళింది, గోడ మీద పనిముట్లు గలగలమన్నాయి. అవి ఆగాక అన్నాడు. "నిజమే మే. నాకు కనబళ్ళేదు. నేను చూసేది నీ కళ్ళతో గదా. చెయ్యి ఎవరిదైనా జారుతుంది, నాదీ జారింది. నువ్వు దాచిపెడితే మాత్రం నేను నిజంగానే గుడ్డోణ్ణయిపోతా."

మర్నాడంతా ఆ ఒక్క స్క్రూకే సరిపోయింది. రంపపు బ్లేడు ముక్కతో కొత్త గాడి కోయించాడు. కడ్డీ కాల్చి ఆనించమన్నాడు, చల్లారనిమ్మన్నాడు, మళ్ళీ కాల్చమన్నాడు. తొందరపెట్టలేదు. పొద్దు వాలేటప్పుడు టిక్కుమంది. అది చేతికి తగలగానే నేను ఏడ్చాను. తర్వాత నాలుక కొసను ఆయన తానే, కళ్ళు మూసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, సన్నటి ఆకురాయితో గీకుతూ శ్రుతికి తెచ్చాడు. శ్రుతి వచ్చింది గానీ గొంతులో ఒక జీర ఉండిపోయింది. జలుబు చేసిన మనిషి మాట్లాడినట్టు.

సరస్వతమ్మ వచ్చింది. తిత్తి ఊది మెట్ల మీద వేళ్ళు పరిగెత్తించింది. ముఖం వెలిగింది. అంతలో షడ్జం మీద ఆగింది. ఇంకోసారి నొక్కింది. మూడోసారి.

"మేస్త్రీ, ఈ స మా అమ్మ స కాదు," అంది.

మేస్త్రీ నోరు తెరిచాడు. ఏం చెప్పబోయాడో నాకు తెలుసు, తన చెయ్యే జారిందంటాడు. నేను లేచి నిలబడ్డాను. "నా చెయ్యమ్మా," అన్నాను. "అది పాడు చేసింది నేను. మేస్త్రీ కాదు."

"నువ్వా? నువ్వు ఈ అంగడి ఊడ్చేదానివి గదా?"

అప్పుడు మేస్త్రీ చెప్పేశాడు. తనకు కళ్ళు కనబడవని, నాలుగు నెలలుగా ఈ అంగట్లోంచి బయటికి వెళ్ళిన ప్రతి పెట్టెలో ఉన్నవి ఈ పిల్ల చేతులేనని, ఆమెకు మాటిచ్చి తప్పింది తానేనని. "పెట్టె తీసుకుపోండమ్మా. నలుగురికీ చెప్పండి, తప్పు లేదు," అన్నాడు. ఇంత కష్టపడి దాచుకున్నది ఆయన అంత నిదానంగా బయట పెట్టేశాడు.

ఆమె తిత్తి మూసేసింది. కోపంగానే ఉంది. పెట్టె వైపు చూసి, నా వైపు చూసి, "ఈ ఒక్కటి జారింది. మిగతా ఎనభై మూడు తీసిందెవరు?" అంది.

"నేనేనమ్మా."

"ఒక్కటీ విరగలేదా?"

"లేదమ్మా."

నా ముగ్గు అట్ట పక్కనే ఉంది. ఆమె దాన్ని తీసుకుని చూసింది. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఆ తర్వాత కూర్చుని, ఆ జీర గొంతు షడ్జంతోనే మొదలుపెట్టి ఒక పాట మెల్లిగా చివరిదాకా వాయించింది. అయ్యాక, "మా అమ్మకు కూడా చివర్లో ఇట్లాగే అయింది గొంతు," అంది. "మూత ఇంకా బిగించకండి. పని చేసినవాళ్ళు లోపల పేరు రాసే ఆనవాయితీ ఉంది గదా. ఇద్దరూ రాయండి."

ఆ ఆనవాయితీ నిజమే. బాగు చేసిన మేస్త్రీ మూత లోపలి వైపు పెన్సిల్‌తో పేరు రాస్తాడు. ఇంకో ముప్ఫై ఏళ్ళకు ఇంకో మేస్త్రీ విప్పినప్పుడు తప్ప ఎవరికీ కనబడదు. పెన్సిల్ నా చేతికిచ్చారు. నాకు పేరు రాయడం రాదు. సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి ఒక మూల నాలుగు చుక్కలు పెట్టి, వాటి చుట్టూ ఒక గీత చుట్టాను. పెన్సిల్ మేస్త్రీకి ఇచ్చాను. ఆయన ఎడమచేత్తో నా ముగ్గు ఎక్కడుందో అడిగి, దాని పక్కన వేలు పెట్టుకుని, కుడిచేత్తో పెద్ద పెద్ద అక్షరాలు రాశాడు. వంకరగా, ఒక వరస, రెండు వరసలు. పేరొక్కటే అయితే అంత పొడుగుండదు. టీచరమ్మ వంగి చదివింది. చదివి నన్ను చూసింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏం రాశారయ్యా?" అన్నాను.

"చదువుకుని నువ్వే చూసుకో," అన్నాడు మేస్త్రీ. "పెట్టె యాడికి పోతుంది?"

ఆ మూతకు ఎనిమిది స్క్రూలు. ఎనిమిదీ నా చేతులతో నేనే బిగించాను.

సరస్వతమ్మ ఎవరికీ చెడుగా చెప్పలేదు. పైగా తెలిసినవాళ్ళను పంపింది. మంగమ్మ చేత చేయించండి అని పేరు చెప్పి పంపింది. మేస్త్రీ ఇంకో మూడేళ్ళున్నాడు. చివర్లో పూర్తిగా చూపు పోయింది. అప్పుడూ గడప దగ్గర కుర్చీలో కూర్చుని, నా తిరుపుళి చప్పుడు విని, "అది వదుల్తుంది, తొందరపడబాక," అని చెప్పేవాడు. మూత కింద ఏం రాశాడో అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఒకసారి అడిగితే, "పలక తెచ్చినావా?" అన్నాడు నవ్వుతూ. అప్పటికి సరస్వతమ్మ ఏదో ఊరు వెళ్ళిపోయిందని తెలిసింది. మేస్త్రీ పోయాక అంగడిని నేను చాలా ఏళ్ళు నడిపాను. పెట్టెలు రావడం తగ్గాక మూసేశాను.

యాభై మూడో ఏట మా వీధిలో ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట చదువు చెబుతున్నారంటే వెళ్ళాను. అందరూ బస్సు బోర్డు చదవాలనో, సంతకం పెట్టాలనో వచ్చారు. నేనెందుకు వచ్చానో చెప్పలేదు. గుణింతాలు పూర్తయిన వారం టి. నగర్ వెళ్ళి, ఆ పెట్టె జాడ ఎవరైనా చెబుతారేమోనని సరస్వతమ్మ పాత ఇంటి కోసం వీధి వీధీ తిరిగాను. ఆ పెంకుటిల్లు ఉన్నచోట పెద్ద చీరల అంగడి ఉంది. దాని బోర్డు కూడబలుక్కుని చదివాను. ఇల్లు దొరకలేదు గానీ, చదవడం వచ్చిందని మాత్రం అక్కడే తెలిసింది. అక్కడే మెట్టు మీద కాసేపు కూర్చుని లేచి వచ్చాను.

అప్పటి నుంచి ఎక్కడ పాత హార్మోనియం కనబడినా, మూత విప్పి చూడనిస్తారా అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. కొందరు విప్పనిస్తారు. పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నాను. ఎవరెవరివో పేర్లు చదివాను. నాలుగు చుక్కల ముగ్గు ఎక్కడా లేదు. ఆయన ఏం రాసి ఉంటాడని నన్ను నేను ఎన్నో విధాలుగా ప్రశ్నించుకున్నాను. కొన్ని రోజులు ఆయన మీద కోపం కూడా వస్తుంది. చెబితే ఏం పోయేది? ఆ రెండు వరసలు చదివి చెబితే నేను ఇన్నేళ్ళు దాచుకునేదాన్ని గదా అనిపిస్తుంది. చెప్పి ఉంటే నేను ఆ మధ్యాహ్నం బడికి వెళ్ళేదాన్నా అంటే, అదీ తెలియదు.

పోయిన వారం మోహన్ తెచ్చిన పెట్టెకు ఏడు స్క్రూలు మెల్లిగా వచ్చాయి. ఎనిమిదోది కడ్డీ కాల్చితే గానీ రాలేదు. మూత తిప్పేముందు ఎప్పటిలాగే చేతులు కొంగుకు తుడుచుకున్నాను. లోపల పేరు లేదు, ముగ్గు లేదు. ఉత్త టేకు చెక్క, మధ్యలో బొద్దింక గుడ్లు. నాలుకలు శుభ్రం చేసి, గాడులు పోయిన స్క్రూలకు కొత్త గాడి కోసి, వదులైన రంధ్రాలకు వెదురు పుల్ల కొట్టి, నాలుగు రోజుల్లో పని ముగించాను. చివరికి మోహన్‌ను పెన్సిల్ అడిగాను. ఒక మూల నాలుగు చుక్కలు పెట్టి చుట్టూ గీత చుట్టాను. పక్కన నా వంకర అక్షరాలతో రెండు వరసలు రాశాను.

మోహన్ వంగి చూశాడు. వాళ్ళింట్లో తెలుగే మాట్లాడతారు గానీ అతను బడిలో చదివింది అరవం. "నాకు తెలుగు చదవడం రాదే. ఏం రాసినావు అవ్వా?" అన్నాడు.

చదువుకుని చూసుకో అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. తిరుపుళి చేతిలో ఉంది, మూత ఇంకా తెరిచే ఉంది. అతని ముఖం చూశాను. ఆ రోజు నా ముఖం అట్లాగే ఉండి ఉంటుంది.

"దగ్గరికి రా," అన్నాను. మూత మూయకముందే, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, అతనికి చదివి వినిపించాను. "చేసినది మంగమ్మ. చేతులు దేవదానం మేస్త్రీ ఇచ్చినవి."